మడపాం టోల్‌గేటు కాడ

మలుపులో నిలబడకు, ఓరి గుంటడా.
కనబడవు. కనబడినా ఆపడు.
గేటు దాటి ఇరవై అడుగులు నడు,
అక్కడ బండ్లు ఇంకా
రెండో గేరులోనే మూలుగుతుంటాయి.

తప్పెట గుండెల మీదే ఉంచు.
లైటు పడితే రేకు తళుక్కుమంటాది,
దొంగోడు కాదు, ఆటగాడని తెలుస్తాది.
గజ్జెలు మాత్రం సంచీలో కుక్కు:
అర్ధరాత్రి గజ్జెల సప్పుడికి
ఎవుడూ బ్రేకు తొక్కడు.

నువ్వెక్కడికో ముందే సెప్పకు,
ఆడెక్కడికో అడుగు.
కళ్ళు సూడు. నోటి వాసన సూడు.
తేడాగుంటే
"అయ్యో, సుట్టలు మర్సిపోనాను" అని వెనక్కి తగ్గు.
సిగ్గేటి?

నౌపడా ఉప్పులారీ మీదకి ఎక్కకు.
ఓపాలి ఎక్కినాను, వారం దాకా ఒళ్ళు మంట.
పలాసెల్లే జీడిపిక్కల బస్తాలైతే పరుపే.

లోపల సోటిస్తే నిద్దరపోకు.
పాడు, వాగు, ఆడి పిల్లల పేర్లడుగు,
అదే మన కిరాయి.
పోలాకి అసిరినాయుడు నిద్దరపోనాడు.
పక్కన డ్రైవరూ నిద్దరపోనాడు.
తప్పెట ఒక్కటీ ఇంటికొచ్చింది.
నీ మెడలో ఉన్నదదే.
సొట్ట తడిమి సూడు.

దిగినాక తలుపు నెమ్మదిగా ఎయ్యి.
ముందు, కోటబొమ్మాళి కాడ,
ఇంకెవుడో సెయ్యెత్తి ఉంటాడు.