జిరాఫీ మెడ దగ్గర

కొత్తపేటలో మా పిల్లల ఆస్పత్రి రెండో అంతస్తు.
ఎత్తు కొలిచే గోడ మీద జిరాఫీ బొమ్మ,
మెడ దగ్గర రంగు లేచిపోయింది.
నూట నలభై సెంటీమీటర్లు దాటిన తలలన్నీ
అక్కడే రాసుకున్నాయి.

అక్కడి దాకా ఎదిగితే నా చేతికో కాగితం వస్తుంది,
పదకొండు ప్రశ్నలు.
డాక్టరమ్మే కష్టపడి తెలుగు చేసింది:
"ఇటీవల నీవు నిరాశకు లోనగుచున్నావా?"
"లోను బ్యాంకులో కదా ఆంటీ ఇచ్చేది?" అందొక పిల్ల.
ఆ రోజు నుంచి కాగితం బోర్లించి
నా మాటల్లో అడుగుతున్నాను.

దానికన్నా ముందు ఇంకో మాట ఉంది.
"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."
ఇది తిన్నగా అనడానికి నాకు ఇరవయ్యేళ్ల సర్వీసు పట్టింది.
"మా వాడికి నా దగ్గర దాపరికాలేంటండీ" అని నవ్వుతారు.
ఒకాయన కుర్చీని ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

మంగళవారం ఆషేర్ వచ్చాడు. ఎనిమిదో తరగతి.
కడుపునొప్పి, నెలలో మూడోసారి.
స్కానింగులో ఏమీ లేదు.
వాళ్లమ్మ సలోమి కోల్డ్ స్టోరేజీ నుంచి సరాసరి వచ్చింది,
మిరపకాయల ముచ్చికలు తీస్తున్న చేతుల్తోనే.
నేను అడక్కముందే మోచేత్తో తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

నిద్ర పడుతుందా?
ఎవరైనా కొడుతున్నారా?
ఏదైనా నమలమని, పీల్చమని ఇచ్చారా?
లేదు, లేదు, లేదు,
హాజరు పలికినట్టు.

తొమ్మిదోది.
"నేను లేకపోతే బాగుండు అని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?"

కింద వీధిలో చెరకు మిషను గజ్జెలు.
అవి ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి.
నేను పెన్ను మూత పెట్టేశాను.

"బళ్లో అనిపిస్తది," అన్నాడు. "ఇంట్లో అనిపించదు."
చాలాసేపటికి, "అమ్మకి చెప్తారా?"

అబద్ధమాడితే వాడు మళ్లీ ఎవరికీ చెప్పడు.
"ఇదొక్కటీ చెప్పాలిరా, నీ ప్రాణం సంగతి.
మిగతావి మన మధ్యే.
ఎలా చెప్పమంటావో నువ్వు చెప్పు."

గోడకేసి చూస్తూ ఆలోచించాడు.
"కూచోబెట్టి చెప్పండి.
పొద్దున్నించీ నిలబడే ఉంటది."

మిగిలిన రెండూ డాక్టరమ్మ వచ్చి తనే అడిగింది.
సలోమిని కూచోబెట్టాం.
విన్నది. ఒక్క మాటా అనలేదు.
వాడి మొహం మీదికి చెయ్యి చాపి
సగంలో ఆపుకుంది, వేళ్లకి కారం.
మోచేత్తో దగ్గరికి లాక్కుని
భుజానికేసి వాడి కళ్లు అద్దుకుంది.
వచ్చే మంగళవారం దాకా ఆగొద్దు, గురువారమే రమ్మని
చీటీ వాడి చేతికే ఇచ్చాను.

తర్వాతి పిల్ల చెప్పులు విడిచి
జిరాఫీకి వీపు ఆనించి నిలబడింది.
నూట ముప్పై తొమ్మిది.
"ఈసారికి మీ అమ్మ లోపలే ఉండొచ్చులే," అన్నాను.
అది మునివేళ్ల మీద లేస్తోంది.