బెండు మునగక ముందే

పుంటా అరేనాస్‌లో గాలి తలుపు తట్టదు,
తోసుకుని వస్తుంది.
దాని వెనకే ఎలెయుతేరియో మన్సీయా వచ్చాడు,
చంకలో పాత కన్సోల్, మూత పగిలి,
లోపల ఉప్పు పేరుకుని.

"ఇందులో చేపల ఆట ఉండేది" అన్నాడు.
లైట్‌హౌస్‌లో కాపలా ఉన్న తొమ్మిది చలికాలాలు
రాత్రుళ్ళు ఆ ఆటలోనే చేపలు పట్టాడట,
చుట్టూ అసలు సముద్రాన్ని పెట్టుకుని.

యంత్రం పోయింది.
ఆ మాట చెప్పడానికి నాకు రెండు నిమిషాలు,
ఒప్పుకోవడానికి ఆయనకు మధ్యాహ్నం దాకా.
డిస్క్ మాత్రం బతికుంది.
"కంప్యూటర్లో ఎమ్యులేటర్ పెట్టి ఆడిస్తాను" అన్నాను.
అదేమిటన్నాడు.
పోయినవాళ్ళ గొంతుతో మాట్లాడేది అనబోయి
నాలిక కరుచుకుని
"అనుకరణ లెండి" అన్నాను.

కొత్త ప్రాసెసర్. ఎనిమిది కోర్లు.
అప్పు ఇంకా తీరలేదు.
సెకనుకు అరవై ఫ్రేములు రావలసిన చోట
నలభై ఒకటి.
నీళ్ళు గంజిలా కదిలాయి.
గ్రాఫ్ తెరిచి చూస్తే ఎనిమిది కిటికీలు:
ఒకదాంట్లో మంట చూరు దాకా,
ఏడింట్లో గుర్రుపెట్టి నిద్ర.

నా దుకాణం పరువు పోయినట్టయింది.
సెట్టింగుల్లోకి వెళ్ళి
మల్టీథ్రెడింగ్ గడిలో టిక్కు పెట్టాను.
బొమ్మ గీసేది ఒకరు, చప్పుడు చేసేది ఒకరు,
అలల లెక్క ఇంకొకరు.
అరవై!
ఫ్యాను ఈల వేసింది.
నేను కుర్చీలో వెనక్కి వాలాను,
పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషిలా.

ఆయన తల అడ్డంగా ఊపాడు.
"ఇస్మేనియా,
బెండు మునగక ముందే చేప పడుతోంది.
ఏ సముద్రమూ అలా చెయ్యదు."

మళ్ళీ చూశాను.
ముందు టప్పున చప్పుడు, చేతిలో కంట్రోలర్ వణుకు,
ఆ తర్వాత తీరిగ్గా బెండు.
ఒకరి కబురు ఒకరికి అందకుండానే
ఎవరి దారిన వాళ్ళు పరుగు.

సర్దుదామని, ఒకరి కోసం ఒకరు ఆగే మీట నొక్కాను.
థ్రెడ్లు నాలుగు చేశాను, ఆరు చేశాను.
ఎనిమిది చేస్తే ముప్ఫైమూడుకు పడింది.
తాళంచెవి ఒకరి దగ్గర,
గుమ్మం ముందు ఏడుగురు.
పదిమందిలో పాము చావదన్న మాట
పాములే లేని ఈ ఊళ్ళోనూ నిజమే.

"లైట్‌హౌస్‌కి ముందు సెంతోయా పడవ మీద ఉండేవాణ్ణి,"
తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు,
"ఐదుగురం.
పీతల బోను పైకొచ్చేటప్పుడు
ఒకడు లాగాలి, ఒకడు తాడు చుట్టాలి.
మిగతా ముగ్గురూ చేతులు జేబుల్లో పెట్టుకోవాలి.
నాకది నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది.
జేబుల్లో చేతులు."
తన చేతుల్ని చూసుకున్నాడు. ఎడమ చేతికి
నాలుగు వేళ్ళే.
ఐదోదాని గురించి నేనడగలేదు.

థ్రెడ్లు రెండుకు దించాను.
యాభై రెండు ఫ్రేములు.
అంతకు మించి రాదు, నాకు తెలిసిపోయింది,
ఆ రాత్రి చిట్కాలన్నీ గాలించినా రాదు.

బెండు ఆగింది.
ఒరిగింది.
మునిగింది.
అప్పుడు చప్పుడు. అప్పుడు వణుకు.
ఆయన భుజం కొద్దిగా ముందుకొచ్చింది.

ఐదున్నరకే చీకటి పడింది.
దుకాణం మూసే వేళ దాటింది.
తగ్గిన ఎనిమిది ఫ్రేముల గురించి
ఆయన అడుగుతాడేమోనని
జవాబు సిద్ధం చేసుకుంటూ
చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.