నడుమెత్తు గీత

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా కార్లకి రంగు కొడుతున్నా.
గీత చూస్తే చెప్పేస్తా,
తాళంచెవిదా, మేకుదా, గేటు గొళ్లేనిదా అని.
కోపంతో గీసింది మొదట్లో లోతుగా దిగుద్ది,
చివరికొచ్చేసరికి భయమేసి తేలిపోద్ది.
కావాలని గీసినవాడెవడూ
గీతని నింపాదిగా ముగించలేడు.

ముందు దేవదానం గారి తెల్ల కారు వచ్చింది.
రైలు గార్డుగా చేసి దిగిన మనిషి.
జెండా ఊపడం వచ్చు గానీ తిట్టడం రాదు,
అందుకని పెదాలు వణికాయి.
"ఎదురింటి టీచరమ్మ పనే మస్తానూ,
నా గోడవార నేను పెట్టుకుంటే ఆమెకేంటంట?"

నాలుగు రోజులకి భ్రమరాంబ టీచరు ఎర్ర కారు.
"ఆ గార్డు గారే. రాత్రి డ్యూటీలు చేసిన ఒళ్లు,
నిద్ర పట్టక ఇలాంటివి చేస్తన్నాడు."

మొగల్రాజపురంలో, కొండ కింద, వాళ్ల సందు.
కార్లు లేని రోజుల్లో కొలిచిన సందు.
ఇటో కారు అటో కారు నిలబెడితే
మధ్యలోంచి ఒక్క మనిషి,
అదీ పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి.
ఆమె పూలకుండీలు పేర్చింది.
ఆయన సిమెంటు దిమ్మె పోయించాడు.
ఆమె విరిగిన కుర్చీని గొలుసుతో స్తంభానికి కట్టేసింది.
తర్వాత టైర్లలో గాలి పోయింది, వైపర్లు పోయాయి,
ఓ పొద్దున తెల్ల బోనెట్టు మీద ఊరగాయ నూనె.
ఎవరింటి జాడీదో వాసన చూస్తే తెలుస్తదని
నన్ను వంగి చూడమన్నాడు ఆయన. చూశాను కూడా.

రెండు డోర్లు, ఒక బోనెట్టు, మళ్లీ అవే డోర్లు.
ఆ రెండు నెలలు షెడ్డు అద్దె టయానికి కట్టాను.
చెప్పాలిగా.

ఎందుకంటే ఆ మొదటి గీతలు రెండూ
పుట్టీ పెట్టేప్పుడే చదివేశాను.
రెండూ నడుమెత్తున. ఒకటే లావు.
ఎక్కడా కోపం లేదు,
కొస దాకా ఒకే లోతు, కొసన అరచందమామ,
అందులో రవ్వంత తుప్పు.
గ్రిప్పు ఊడిపోయిన సైకిలు హ్యాండిలు అది.
ఎడమ చేతి వైపుది.
పోయేప్పుడు ఒక కారుకి, వచ్చేప్పుడు ఇంకో కారుకి.

ఒకరోజు ఇద్దరూ ఒకే పూట తగిలారు.
ఉండబట్టలేక
కార్లు పక్కపక్కన నిలబెట్టి చూపించాను.
"పాలకుర్రాడు!"
ఇద్దరి నోటా ఒకేసారి.
"వాడిల్లెక్కడో నేను కనుక్కుంటానండీ" అన్నాడాయన.
"మీరు కనుక్కోండి, కంప్లైంటు నేను రాస్తా" అందామె.
అండీ అన్నాడు. మీరు అంది.
నా షెడ్డులో, థిన్నరు వాసనలో,
ఆ ఇద్దరికీ రాజీ కుదిరిపోయింది,
పద్నాలుగేళ్ల పిల్లోడి మీద.

"ఆగండాగండి" అన్నాను.
కళ్లద్దాలు తుడుచుకున్నాను, వంగాను, వేలితో తడిమాను.
"పొరపాటు పడ్డానండీ, ఇది ఆంబోతు కొమ్ము."
ముప్పై ఏళ్లలో తెలిసి తెలిసి
గీతని తప్పు చదవడం అదే మొదలు.
వాళ్ల మొహాలు చూడాలి.
ఆంబోతు మీద ఏం రాస్తారు, ఎవరికి రాస్తారు?
ఇద్దరూ మళ్లీ ఒకర్నొకరు చూసుకోవడం మానేశారు.

తెల్లారి నాలుక్కి
సున్నపు బట్టీల సెంటర్లో నిలబడ్డాను,
జేబులో పాత ట్యూబు ముక్కతో.
ఏడుకొండలంట వాడి పేరు.
హ్యాండిలుకి రెండు వైపులా పాలసంచులు.
దొంగని చూసినట్టు చూశాడు నన్ను.
ఎడమ కొసకి ట్యూబు తొడిగి బిగించాను.
వాడు నొక్కి చూసుకున్నాడు.
"రెండోదానికి?"
కుడి కొస కూడా బోడిదే.
ముక్క ఒకటే తెచ్చాను. రేపు తెస్తానన్నాను.
నమ్మినట్టు లేడు.

బెల్లు కూడా లేదు.
జరగండి జరగండి అని నోటితోనే అరుచుకుంటూ
సందులోకి తిరిగాడు,
మనుషులెవరూ లేని ఆ వేళప్పుడు,
రెండు కార్ల మధ్యకి,
పక్కకి తిరగలేని సైకిలు మీద.