నీవా ఒడ్డున హవాయి

ఏకాంబరం మామ గిటారును ఎత్తి పట్టేవాడు కాదు,
జొరమొచ్చిన బిడ్డను పండేసుకున్నట్టు
తొడల మీద పండేసుకునేవాడు.
ఎడమచేతిలో ఉక్కుముక్క,
సంతపేట లేతు షెడ్డులో పాత లారీ పిన్ను అరగదీసి
తనే చేసుకున్నది.
దాన్ని తీగల మీద తోస్తే
స్వరానికీ స్వరానికీ నడాన మెట్లుండవు.
"దిగడం కాదురా, జారిపోవాల" అనేవాడు.
నాది బోంగో. పాతిక రూపాయలు, టిఫిను.

హవాయి మెలోడీస్, గ్రీంస్‌పేట, చిత్తూరు.
నలుగురికీ నగరి గుడ్డతో చొక్కాలు.
కొబ్బరిచెట్లు అచ్చెయ్యమంటే
అద్దకం మనిషి తనకు తెలిసిన ఈతచెట్లు వేసిచ్చినాడు.
మామ చాలాసేపు నవ్వి
అవే తొడుక్కున్నాడు.

తిరపతిలో పెండ్లిండ్లు.
ముహూర్తానికి మేళం, రిసెప్షనుకు మేము.
సాంబారు బకెట్ల మోతలో
ఒక అల యాడో లేచి, వరసలు దాటి,
చెప్పుల కుప్ప దగ్గర వెనక్కి తిరిగేది.
ఒక పెద్దాయన దగ్గరికొచ్చి
"వీణను ఇట్లా పాడు చేసినారేమయ్యా" అన్నాడు.
మామ చేతులు జోడించి
ఇంకో పాట ఎత్తుకున్నాడు.

సముద్రం చూసినవాడు కాదు.
మద్రాసుకు రెండుసార్లు పోయి, రెండుసార్లూ
తీగలు కొనుక్కొని సాయంత్రం బస్సుకే వచ్చేసినాడు.
నీవాలో ఇసుక తప్ప ఏమీ లేని ఎండాకాలం రాత్రులు
వంతెన కింద మా సాధన.
లారీలు నెత్తిన పోతా ఉంటే
ఒకనాడు చెయ్యి ఆపి అడిగినాడు:
"ఆ దీవుల్లో ఎవుడన్నా
మన గంగజాతర పలక కొడతా ఉంటాడంటావా,
మన ఊరు చూడకుండానే?"
నేనేం చెప్పేది.
ఉంటే, వాడికి ఏం బొమ్మల చొక్కా కుట్టించినారో.

ఆ ఏడు తుపానుకు నీవా నిజంగానే వచ్చింది.
ఊరంతా వంతెన మీద. మామ కూడా, గొడుగు లేకుండా.
ఎర్రనీళ్ళు, కొట్టుకొచ్చిన గడ్డి, ఒక ప్లాస్టిక్ కుర్చీ.
చెవి ఒగ్గి, విని, విని,
"నేను వాయించేది ఇది కాదు" అన్నాడు
శ్రుతి సరిచూసుకున్న గొంతుతో.

కీబోర్డులోకే అన్నీ వచ్చేసినాక
మమ్మల్ని పిలవడం మానేసినారు.
మొన్న వాళ్ళింటికి పోతే మామ నిద్రలో ఉన్నాడు.
గిటారు అటక మీద.
ఉక్కుముక్క వంటింట్లో,
ఊరగాయ జాడీ మూత ఎగరకుండా.
"తీసుకుపోరా, ఆ వేళ్ళు ఇప్పుడు వంగవు"
అత్త కొంగుతో తుడిచి ఇచ్చింది.
ఇంకా నున్నగానే ఉంది, కొంచెం మెంతిపిండి వాసన.

బస్సులో కిటికీ ఊచ మీద
ఒకసారి జార్చి చూసినా.
పక్కసీటామె ఇటు తిరిగింది.