పదిహేడో డబ్బా

మందసలో ఆటో దిగి
కొండ దారిలో గంటన్నర నడక.
ఒక భుజాన ఐసు పెట్టె.
ఇంకో భుజాన పదేళ్లుగా మోస్తున్న సబ్బు మాటలు:
చేతులు కడగండి, నీళ్లు మరగబెట్టండి,
బిడ్డని మట్టిలో పడెయ్యకండి.

ఈసారి పని వేరు.
విశాఖ నుంచి వచ్చిన సారు గట్టిగా చెప్పారు:
ఏమీ నేర్పకు, ఏదీ మార్చకు.
ఆదారి బిడ్డ పేగులో
ఎవరెవరు కాపురం పెడుతున్నారో
నెలకోసారి చిటికెడు పట్టుకురా.

మూడు నెలల పిల్ల.
పొత్తిగుడ్డ కోసం గుమ్మంలో నిలబడ్డాను,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.

కాగితంలో గడులున్నాయి.
కాన్పు మామూలా, ఆపరేషనా?
పాలు తల్లివా, డబ్బావా?
పాలెవరివని అడిగితే ఎండమ్మ నవ్వింది.
కోడలు జ్వరంతో పడున్న మూడు రోజులూ
పక్కింటి బుదారి ఇచ్చిందట రొమ్ము.
"దానికేటమ్మా, రెండో పక్క కాళీయే కదా."
ఆ రెండో పక్కకి నా దగ్గర గడి లేదు.

మేకొకటి సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చి
ఉయ్యాల గుడ్డ అంచు నమిలి పోయింది.
నాలుగేళ్ల అక్క
జీడితోటలో పొర్లిన చేతుల్తోనే
చెల్లి బుగ్గలు నొక్కి,
ముద్దుకీ ముద్దుకీ మధ్య ముక్కు తుడుచుకుంది.
నా నాలిక చివర సబ్బు మాట. మింగేశాను.

వాళ్లు ఇలాగే వస్తారట.
పుట్టే దారిలో తల్లి దగ్గర్నుంచి కొందరు,
మిగతావాళ్లు తలుపు కొట్టకుండా.
తల్లిపాలలో బిడ్డకి అరగని తీపి ఒకటుంటుందట.
అది బిడ్డ కోసం కాదట,
లోపల దిగిన చుట్టాల కోసమట.
ఒకే విస్తట్లో ఇద్దరికి వడ్డన.

పట్నం పిల్లల్లో
ఆ చుట్టాల్లో కొందరి ఆచూకీ దొరకడం లేదట.
సారు మామూలుగా అన్నారు.
నాకు మావాడు గుర్తొచ్చాడు.
శ్రీకాకుళం నర్సింగ్ హోమ్, కోత, డబ్బాపాలు,
డెటాల్లో జాడించిన గుడ్డలు.
ఏడేళ్లకి జేబులో ఉబ్బసం గొట్టం.
దీనికీ దానికీ ముడి ఉందో లేదో ఎవరూ చెప్పరు.
రాత్రుళ్లు నేనే వేసుకుంటాను ముడి.

అలాగని ఈ కొండని పొగడలేను.
నిరుడు ఆషాఢంలో ఇదే వీధి చివర
పది నెలల గుంటడు
విరేచనాలతో ఒక్క రాత్రిలో ఎండిపోయాడు.
నా రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉన్నాడు.
ఊట నీళ్లలో వచ్చేవాళ్లూ కనపడరు.
ఎవరు చుట్టమో ఎవరు దొంగో
దూదిపుల్ల చెప్పదు.

"ఆ పెట్లో ఏటి మోసుకుపోతన్నావు?"
"పాప కడుపులో పురుగులు" అనేశాను.
ముసలామె మొహం మాడిపోయింది.
"మా గుంటకి పురుగుల్లేవు!"
"అవి కావమ్మా. చోడిపిండి కుండలో కలిపితే
తెల్లారికి పులుస్తాది కదా,
ఆ పులిపించేవాళ్లు."
కాసేపు కుండ వైపు చూసింది.
"ఓస్, వోళ్లా!
అందుకే కదా ఆ కుండ నేను బొత్తిగా కడగను.
అడుగున కొంచెం ఉంచుతాను.
మాయమ్మా అలాగే ఉంచేది."
ఇద్దరు సార్లూ ఒక ప్రొజెక్టరూ
రోజంతా చెప్పింది ఇదే.

డబ్బా మూత బిగించి, గ్లౌజు తీసి
తేదీ రాస్తున్నాను.
పాప నా ఎడమ చూపుడు వేలు పట్టుకుని
నోట్లోకి లాక్కుంది.
ఆ వేలి మీద పలాస బస్సు కమ్మి ఉంది,
ఆటో చిల్లర ఉంది,
పొద్దున మావాడికి కలిపిన పెరుగన్నం ఉంది.
లాక్కోవాలి.
రెండు గుటకలైపోయాకే లాక్కున్నాను.
పదిహేడో నంబరు పక్కన
ఈ సంగతి రాయాలా వద్దా?

ఎండమ్మ ఆకుదొప్పలో అంబలి పోసి చాపింది.
తాగే ముందు చేతులు కడుక్కోవాలా అని
పదేళ్లలో మొదటిసారి అనుమానమొచ్చింది.
కడుక్కున్నాను.
కుండని మాత్రం ఏమీ అనలేదు.