నెమ్ము

బుధవారం సబ్‌సెంటర్ తాళం తీసేసరికే
ఈదమ్మ మెట్టు మీద కూసోని ఉంటది.
ఒళ్ళో మనుమరాలు, చేతిల టీకాల కార్డు,
కార్డు మాయకుండ దానికొక ఉప్పు కవరు.

పద్నాలుగు వారాల సూది.
తొడ మీద దూది రుద్దుతుంటె
"ఇది దేనికి బిడ్డా?" అన్నది.
ఆరు వారాలప్పుడు గూడ అడిగింది.
నెమ్ము రాకుండ అవ్వా, అన్న.
అప్పుడూ గిక్కడనే ఆగిపోయింది.

మా దేవరకద్ర దిక్కు నెమ్ము రెండు తీర్లు.
ఒకటి చేన్ల ఉండాల్సింది —
మిరుగం దాటినా, ఆరుద్ర దాటినా
మట్టిల వేలు గుచ్చి దేవులాడుతం.
రెండోది రొమ్ముల ఉండగూడనిది.
ఆముదాల చేనుకు అందనిది
చెన్నకేశుల్ను వెతుక్కుంట వచ్చింది.

ఆమె పెనిమిటి.
ఏ ఊరి కాల్వకైనా బండ పగలగొట్టినోడు,
ముప్పై ఏండ్లు తువ్వాల చాటున దుమ్ము మింగినోడు.
పోయిన పుష్యంల మూడు దినాలు ఎగబోసిండు.
పెద్దదవాఖానల డాక్టరు ఫిల్మును లైటుకు పెట్టి
కుడిదిక్కంత తెల్లగున్నది అన్నడట.
"తెల్లగుంటె మంచిదే గద సారూ" అన్నదట ఈమె.
ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా నవ్వుతది.
నవ్వు సగంల దగ్గయితది.

"గీ సూది ముసలోల్లకు లేదా?"
ఉన్నది.
పాలమూరు మందులషాపు ఫ్రిజ్జుల ఉన్నది,
నీ రెండు నెలల పింఛను అడుగుతది.
"సర్కారుది?"

రిజిస్టరు తెరిచి చూపించిన, ఆమెకు చదువు రాకున్నా.
ఈ గడి పుట్టిన నాటిది, ఇది తొమ్మిది నెలలది,
ఇది బడికి పోయే పిల్లలది, ఇది కడుపుతోటున్నోల్లది.
ఆమె వేలు గీతలెంబడి పోయి పోయి
కాయితం అంచు కాడ కిందికి జారింది.

ఆ దినం ముగ్గురే పిల్లలు వచ్చిన్రు.
సీసల ఇంక రెండు డోసులు మిగిలినయి.
మంచుపెట్టె భుజానేసుకొని
క్రషర్ బాట పొంటి నడుస్తుంటె
ఒక్కొక్క వాకిట్లకెల్లి ఒక్కొక్క దగ్గు.
నేను గుర్తుపడత: ఇది ఊశన్నది, పొడిదగ్గు.
ఇది మాసమ్మది, కుండల రాళ్ళు కదిలినట్టుంటది.
మంచంకోడు పట్టుకొని లేచేది జహంగీర్ సాబుది.
పెట్టె పట్టీ భుజాన్ని కోస్తున్నది.
ఆ రెండు డోసులు పిల్లలయి. లెక్క లెక్కనే.
తీసుకపోయి ఫ్రిజ్జుల పెట్టి సంతకం చేసిన.

నెల మీటింగుల లేచి అడిగిన.
డాక్టరమ్మ కసరుకోలేదు.
"పైకి రాస్త, ఎవరెవరు అడుగుతున్నరో పేర్లు తే" అన్నది.

రిజిస్టరు ఆఖరు కాయితం మీద
స్కేలు పెట్టి నేనే గళ్ళు గీసిన.
పేరు, ఇంటి నంబరు, వయసు, చేసిన పని.
వారం తిరిగేసరికి యాభై ఎనిమిది.
ఈదమ్మ ఏలిముద్ర వేసి
బొటనవేలు తుడుచుకోకుండ అట్లనే నిలబడ్డది.
"చెన్నకేశులు పేరు గూడ రాయి."
అవ్వా, ఆయన లేడు గద.
"సూదికి గాదు బిడ్డా,
అడిగినోల్ల లెక్కల ఉండనీ."

రాసిన.
వయసు గడిల ఏం రాయాల్నో తెల్వక
కాసేపు పెన్ను పట్టుకొని కూసున్న.
బయట మబ్బు పట్టింది.
ఈదమ్మ మనుమరాలి నెత్తికి కొంగు కప్పి,
పడితే బాగుండు, అన్నది,
ఆముదాలకు నెమ్ము అందుతది.