అత్రాసల రశీదు

చిత్తూరు పెద్దాసుపత్రి గేటు పక్కన
నీలం షామియానా కింద కూర్చోని
రశీదులు రాస్తా ఉండా.
షుగరొచ్చిన పిల్లకాయల సూదిమందుకని
అత్రాసలు అమ్ముతున్నాం, నూటికి ఐదు.
బంగారుపాళ్యం బెల్లం, కొత్త బియ్యప్పిండి.
‘తీపి తగ్గించండి’ అని అచ్చేసిన సంచిలోనే
నూనె కారే పొట్లం పెట్టిస్తాం.

పోయినేడు ఉడకేసిన చెనక్కాయలు పెట్టినాం.
ఎనిమిదొందల ముప్పై వచ్చింది,
అందులో నాలుగొందలు మేం కొనుక్కున్నవే.
ఈపొద్దు మధ్యాన్నానికే పదకొండు వేలు.
సెక్రెటరీ జయచంద్ర లెక్క చూపిస్తాడు.
లెక్క ముందర నాకు నోరు లేదు.

చెంగల్రాయులు ఆటో ఆపి దిగినాడు.
ఎడమకాలి కట్టు నేను కట్టిందే, సోమవారం.
“పసిబిడ్డలకంటే ఎట్ట వద్దంటాం మేడమ్”
రెండు పొట్లాలు కొన్నాడు.
ఒకటి అక్కడే విప్పినాడు.

ఆపాల.
నోరు తెరిచినా కూడా.
ఆయన వెనక ఆరుమంది, చేతుల్లో నోట్లు.
“రశీదు ఎవరి పేరున?” అన్నా.

“నా పేరొద్దు, కూతురు చూస్తే తిడతాది.
పుణ్యం ఖాతాలో రాసుకోండి.”
నవ్వుతా వేళ్ళు నాక్కున్నాడు.

సాయంత్రం ఐసుపెట్టెలో సీసాలు సర్దినా.
తొమ్మిదేళ్ళ హేమావతికి రెండు నెలలకు సరిపోతాయి.
సూదికి తొడ చూపిస్తా అడిగింది ఆ పిల్ల:
“అక్కా, నీ చేతులు బెల్లం వాసనొస్తాండాయి.
ఏమన్నా మిగిల్నాయా?”

రెండుసార్లు కడిగినా, సబ్బేసి.

శుక్రవారం డ్రస్సింగు పట్టీ.
మొదటి వరసలోనే చెంగల్రాయులు.
ఇక్కడ
పేరు రాయకుంటే కుదరదు.